క్రాఫర్డ్ స్మారక పలక మీద గ్నాడెన్‌హట్టెన్ పేరు ఉండాలా?

కొలంబస్ తెలుగు:
కల్నల్ విలియం క్రాఫర్డ్‌ను 1782 జూన్ 11న ఒహాయోలో టైమాక్టీ వాగు దగ్గర డెలావేర్ తెగ ఆదివాసులు కొయ్యకు కట్టి కాల్చి చంపారు. ఆయన పేరు మీద స్మారకాలున్నాయి, కౌంటీలున్నాయి. అలాంటి పలక ముందు కారాపి చదివి వినిపిస్తే పిల్లలు మొదట అడిగేది "ఎందుకు చంపారు?" అనే. జవాబు అంతకు మూడు నెలల ముందుంది. గ్నాడెన్‌హట్టెన్ అనే ఒహాయో ఊళ్లో, క్రైస్తవం పుచ్చుకుని ఆయుధం ముట్టకుండా బతుకుతున్న డెలావేర్లను పెన్సిల్వేనియా మిలీషియా నిర్బంధించింది. రాత్రంతా ప్రార్థన చేసుకోనిచ్చి, మార్చి 8న సుత్తులతో కొట్టి చంపింది. 96 మంది. అందులో 39 మంది పిల్లలు. ఈ మాట లేకుండా క్రాఫర్డ్ చావు గురించి ఏం రాసినా అది సగం కథే.

చరిత్ర విద్యార్థి:
క్రాఫర్డ్ గ్నాడెన్‌హట్టెన్‌లో లేడండీ. అక్కడ దండు నడిపిన విలియమ్సన్, ఆ తర్వాత క్రాఫర్డ్ పట్టుబడిన సాండస్కీ దండయాత్రలో ఈయన కింద పనిచేసి, ప్రాణాలతో ఇల్లు చేరాడు. నాయకుడి ఎన్నికలో క్రాఫర్డ్ అతని మీద గెలిచింది అయిదే ఓట్లతో. అరవైకి దగ్గరపడ్డ మనిషి, వీలునామా రాసి మరీ బయల్దేరాడు. ఇంకొకరి పాపం ఈయన పలక మీద ఎలా చెక్కుతాం?

చైన్‌మన్ కూతురు:
మా నాన్నగారు సర్వే శాఖలో చైన్‌మన్. ఆయన భూమి కొలిచే గొలుసు పరుస్తుంటే గట్టు మీద రైతు ఊపిరి బిగబట్టి చూసేవాడట. అందుకే ఈ కథలో నా కళ్లు క్రాఫర్డ్‌లోని సైనికుడి మీద కంటే సర్వేయర్ మీదే ఆగాయి. అపలేషియన్ కొండలకు పడమట ఎవరూ భూమి ఆక్రమించరాదని 1763లో బ్రిటిష్ రాజు ప్రకటించాడు. అయినా 1767లో జార్జ్ వాషింగ్టన్ అక్కడ మంచి భూములు చూసిపెట్టమని క్రాఫర్డ్‌కు ఉత్తరం రాశాడు. సంగతి గుట్టుగా ఉంచమన్నాడు, వేటకు వచ్చినట్టు కనిపించమన్నాడు. 1770లో ఇద్దరూ ఒహాయో నది మీద పడవల్లో కనావా నది దాకా వెళ్లి నేల చూసుకొచ్చారు. "వాషింగ్టన్ మిత్రుడు, సర్వేయర్" అని రాస్తే, కొలిచిన నేల ఎవరిదో కూడా రాయాలి కదా.

కొలంబస్ తెలుగు:
విద్యార్థి గారూ, గ్నాడెన్‌హట్టెన్ నేరం ఆయనది కాదు, ఒప్పుకుంటున్నాను. కానీ 1774లో సాల్ట్ లిక్ టౌన్ అనే మింగో ఆదివాసుల ఊరి మీద దాడి చేయించింది ఆయనే. ఆ ఊరున్న చోటే ఇప్పుడు మేముంటున్న కొలంబస్. ఒహాయో పలకలకు మామూలుగా రెండు ముఖాలుంటాయి. ఒకదాని మీద క్రాఫర్డ్‌ను ఉంచండి, నాకు అభ్యంతరం లేదు. రెండోది ఆ 96 మందికి ఇవ్వండి. 1843లో వయాన్‌డాట్ తెగవాళ్లనూ అప్పర్ సాండస్కీ నుంచి పంపేశారు. అడగాల్సినవాళ్లను అక్కడ ఉండనివ్వలేదు కాబట్టే మనం అడగాలి.

చరిత్ర విద్యార్థి:
రెండో ముఖానికి నేనూ సరే. కానీ దాని మీద విలియమ్సన్ పేరు ఉండి తీరాలి.