రెండు సీటీలకు ఒకే హెచ్‌యూ-డెన్సిటీ కర్వ్ సరిపోతుందా?

ఫిజిసిస్ట్_బెజవాడ
అందరికీ నమస్తే. మా సీటీ సిమ్యులేటర్ (రేడియోథెరపీ ప్లాన్ కోసం స్కాన్ తీసే సీటీ) రిపేర్‌లో ఉన్న రోజుల్లో రేడియాలజీ వాళ్ల సీటీలో ప్లానింగ్ స్కాన్లు తీద్దామని అనుకుంటున్నారు. అది వేరే కంపెనీ మెషిన్. నీళ్ల ఫాంటమ్ (మెషిన్ పరీక్షకి వాడే నమూనా) హెచ్‌యూ, అంటే ఎక్స్‌రే ఎంత ఆగిందో చెప్పే సీటీ అంకె, రెండింట్లోనూ 0కి దగ్గరగానే వస్తోంది, రెండూ 120 కేవీయే (ఎక్స్‌రే ట్యూబ్ వోల్టేజ్), కాబట్టి టీపీఎస్‌లో (డోస్ లెక్కగట్టే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్) ఉన్న, హెచ్‌యూని డెన్సిటీగా మార్చే పాత కర్వే వాడదామని మా సార్ ఉద్దేశం. నాకు మాత్రం ఎముక దగ్గర టెన్షన్‌గా ఉంది. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

లినాక్_రావు
నీళ్లు చూసి కర్వ్ ఒప్పుకోవద్దమ్మా. నీళ్లు 0, గాలి -1000 అని స్కేలునే అలా నిర్వచించారు, కాలిబ్రేషన్ సరిగ్గా ఉన్న ఏ స్కానరైనా ఆ రెండు చోట్లా కలవాల్సిందే. విడిపోయేది కాల్షియం ఉన్నచోట. తక్కువ ఎనర్జీలో ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ (పరమాణువు ఎక్స్‌రేని పూర్తిగా పీల్చుకోవడం) ఎక్కువ కాబట్టి కేవీ తగ్గేకొద్దీ ఎముక హెచ్‌యూ పెరుగుతుంది, 80కీ 140కీ మధ్య గట్టి ఎముకలో వందల్లో తేడా వస్తుంది. రెండు మెషిన్ల మీదా 120 అనే ఉన్నా లోపలి ఫిల్టర్లు వేరైతే బీమ్ స్పెక్ట్రమ్ కూడా వేరే. డెన్సిటీ ఇన్సర్ట్‌లున్న (సాంద్రత తెలిసిన ముక్కలు గుచ్చిన) ఫాంటమ్‌ని కొత్త మెషిన్‌లో స్కాన్ చేసి పాత కర్వ్‌తో పోల్చండి. ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) పత్రం టెక్‌డాక్ 1583లో చెప్పిన ±20 హెచ్‌యూ లోపల ఉంటే ఒకే కర్వ్ పెట్టుకోవచ్చు, దాటితే రెండోది ఎక్కించాల్సిందే. ఫోటాన్ (ఎక్స్‌రే) ప్లాన్‌లో చిన్న తేడాకి డోస్ పెద్దగా మారదు, నిజమే, అయినా కొలవకుండా వదిలేయడం మాత్రం నేను ఒప్పుకోను.

సీటీ_టెక్_వరంగల్
రావు సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. డయాగ్నస్టిక్ సీటీలో పేషెంట్ సైజుని బట్టి కేవీని మెషినే మార్చుకునే ఆటో ఆప్షన్ ఉంటుంది, రేడియాలజీ వాళ్లకి డోస్ తగ్గుతుంది కాబట్టి అది ఆన్‌లోనే పెడతారు. సన్నగా ఉన్న మనిషికి అది 100కి దిగిపోతే మీ 120 కర్వ్ ఆ స్కాన్‌కి పనికిరాదు. ఆర్టీ (రేడియోథెరపీ) పేరుతో విడిగా ప్రోటోకాల్ చేసి, కేవీ లాక్ చేయించండి. ఎమ్ఏఎస్ (ట్యూబ్ కరెంట్, సమయాల లబ్ధం) మారితే నాయిస్ మారుతుంది అంతే, దానికి కంగారు అక్కర్లేదు. ఫ్లాట్ కౌచ్ టాప్ (పేషెంట్ కింద వేసే చదునైన పలక) మర్చిపోవద్దు.

ఫిజిసిస్ట్_బెజవాడ
ఆటో కేవీ సంగతి మాకెవరికీ తట్టలేదండీ, థాంక్యూ. ఫాంటమ్‌ని తల సైజులో తీయాలా, బాడీ రింగ్‌తోనా?

లినాక్_రావు
రెండూ తీయండి. బీమ్ హార్డెనింగ్ (తక్కువ ఎనర్జీ కిరణాలు ముందే ఆగిపోవడం) వల్ల అదే ఎముక ఇన్సర్ట్ పెద్ద ఫాంటమ్‌లో తక్కువ హెచ్‌యూ చూపిస్తుంది. తేడా చిన్నదైతే సగటు తీసుకోవచ్చు. ఎముక ఇన్సర్ట్‌లన్నీ ఒకే పక్కన గుచ్చకండి. మీరు రోజూ వాడే రీకన్‌స్ట్రక్షన్ కెర్నల్ (బొమ్మ కట్టే ఫిల్టర్)తోనే తీయండి, షార్ప్ కెర్నల్ పెడితే అంకెలు మారే అవకాశం ఉంది.

ప్రోటాన్_మిత్ర
ఫోటాన్ కాబట్టి ఈ మాత్రం సర్దుబాటు కుదురుతోంది. ప్రోటాన్‌లో హెచ్‌యూని స్టాపింగ్ పవర్‌గా (ప్రోటాన్‌ని ఎంత ఆపుతుందో) మార్చాలి, తప్పు నేరుగా రేంజ్‌లో (ప్రోటాన్ వెళ్లే లోతులో) తేలుతుంది. చాలాచోట్ల వాడే 3.5 శాతం మార్జిన్ అంటే 20 సెంటీమీటర్ల లోతులో 7 మిల్లీమీటర్లు. ఫాంటమ్ ప్లాస్టిక్కులు మన టిష్యూల్లా ఉండవు కాబట్టి 1996లో ష్నైడర్ బృందం ఇచ్చిన స్టోకియోమెట్రిక్ పద్ధతి (టిష్యూల రసాయన కూర్పు నుంచి హెచ్‌యూ లెక్కగట్టడం) వాడతారు. యూరప్ రేడియోథెరపీ సంఘం ఎస్ట్రో 2023లో దీనికి గైడ్‌లైన్ కూడా తెచ్చింది, ఫోటాన్ సెంటర్ల వాళ్లకీ స్కాన్ సెట్టింగుల భాగం చదవదగ్గదే.

సీటీ_టెక్_వరంగల్
ఇంకోటి, టీపీఎస్‌లో కర్వ్ పేరులోనే స్కానర్ పేరూ కేవీ రెండూ రాసిపెట్టండి. ప్లాన్ చేసేవాళ్లు హడావిడిలో పాత మెషిన్ కర్వ్ తగిలించకుండా ఉంటారు.