రెండు గీతల ఉడ్‌కట్‌ని మినిమలిజం అనొచ్చా?

మూడులాంతర్లు: విజయనగరంలో ఒక ప్రదర్శనలో ఉడ్‌కట్ (చెక్క పలక చెక్కి, సిరా రాసి తీసే ప్రింట్) చూశాను. హ్యాండ్‌మేడ్ పేపర్ మీద రెండు నల్ల గీతలు, కింద పెన్సిల్‌తో 4/10, అంటే పది కాపీల్లో నాలుగోది. పక్కన ‘మినిమలిస్ట్ ప్రింట్’ అని చీటీ. గుర్తుపట్టే బొమ్మ లేని అబ్‌స్ట్రాక్ట్ ప్రింట్ అయితే చాలు, మినిమలిజం (అన్నీ తగ్గించి అతి తక్కువతో చేసే కళ) అయిపోతుందా?

బురిన్: కాదు. చిత్తూరు జిల్లాలో పుట్టి పారిస్ వెళ్ళిన కృష్ణారెడ్డి గారి ప్రింట్లు చూడండి. అక్కడ హేటర్ నడిపిన ఎటెలియర్ 17 అనే ప్రింట్ల వర్క్‌షాపులో, ఒకే పలక మీద వేర్వేరు చిక్కదనాల సిరాలు ఎక్కించి, రంగులన్నీ ఒకేసారి కాగితం మీదికి దింపే పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ఆయనొకరు. అబ్‌స్ట్రాక్టే గానీ పలక నిండా అలలు, సుడులు. అక్కడే పనిచేసిన జరీనా హష్మీ మాత్రం 1999లో ఇల్లూ గడపా లాంటి వాటిని 36 ఉడ్‌కట్లలో గీతలకు కుదించారు.

డ్రాయింగ్ మాస్టారు: పేర్లు సరేనమ్మా. మినిమలిజం అనగానే చెప్పే అమెరికన్ కళాకారుడు డోనాల్డ్ జడ్ ఉడ్‌కట్లకి పలకలు వాళ్ళ నాన్న కోసిపెట్టేవారట. మరి సంతకం కొడుకుదెలా అయింది?

బురిన్: కళాకారుడి చేతి జాడ కనబడకూడదన్నదే జడ్ పట్టు. తన పెట్టెల్లాంటి శిల్పాలు కూడా వర్క్‌షాపులో చేయించాడు.

డ్రాయింగ్ మాస్టారు: కోసిందెవరు? అది చెప్పండి చాలు.

నాగావళి: అరసవల్లి గుడి ఒక్క శిల్పే చెక్కాడేటండీ?

మూడులాంతర్లు: బెంగాల్ కళాకారుడు సోమనాథ్ హోర్ తెల్ల కాగితపు గుజ్జుతో చేసిన ప్రింట్లు కూడా మినిమలిజమేనా?

బురిన్: ఒప్పుకోను. సిరా లేదు, దూరం నుంచి ఖాళీ కాగితమే. కానీ వాటి వెనక 1943 బెంగాల్ కరువు ఉంది. అవి గాయాలు.

మూడులాంతర్లు: జరీనా గీతల వెనక ఇల్లుంది కదా. మరి ఆవిడ?

బురిన్: ఆవిడ సంగతి వేరు.

డ్రాయింగ్ మాస్టారు: అన్నీ వేరే! ఇదే ప్రదర్శనలో నా రామతీర్థం ల్యాండ్‌స్కేప్‌ని మెట్ల కింద పెట్టారు. ఆ రెండు గీతలకి హాలు మధ్యలో లైటు!

బురిన్: అదీ సంగతి. మీ కోపం మెట్ల మీద, తిట్లు మినిమలిజానికి.

డ్రాయింగ్ మాస్టారు: మాట తిన్నగా రానీ అమ్మా. ఎచింగ్ ప్రెస్ (ప్రింట్లు తీసే యంత్రం) చూడాలంటే మా బడి పిల్లలు విశాఖ పోవాలి. వాళ్ళకి రంగుపెన్సిళ్ళకే కరువు. ‘తగ్గించడం’ అన్నీ ఉన్నవాళ్ళ ముచ్చట.

బురిన్: ఉడ్‌కట్‌కి ప్రెస్ ఎందుకండీ? చెక్కముక్క, ఉలి, సిరా ఉంటే గరిటె వెనకవైపుతో రుద్ది తీయొచ్చు. నా మంట వేరే. గీతలు తక్కువని కష్టం కూడా తక్కువనుకుంటారు, ఫ్లెక్స్ రేటు అడుగుతారు. పది కాపీల్లోనూ నలుపు ఒకేలా పడాలి. మధ్యలో చిన్న నలుసు పడిందా, ఆ కాగితం పోయినట్టే. బొమ్మ నిండుగా ఉంటే ఏ తప్పయినా దాక్కుంటుంది, ఇందులో ఎక్కడ దాక్కుంటుంది?

డ్రాయింగ్ మాస్టారు: ఆ ముక్క చీటీ మీద రాయొచ్చుగా! మా పిల్లలు చూసి ‘కంప్యూటర్‌లో తీశారా సార్’ అన్నారు.

నాగావళి: కాగితం సంగతేటండీ? శ్రీకాకుళంలో అడిగితే చార్టు చూపిస్తున్నారు.

బురిన్: చార్టు వద్దు. పల్చటిది, సిరా పీల్చేది చూడండి.

డ్రాయింగ్ మాస్టారు: గరిటె చెక్కదా, స్టీలుదా?