నాన్న షాపులో పాత డిటిపి ఫైలు ఫోన్‌లో పిచ్చి గుర్తుల్లా వస్తోంది, అసలు లోపల ఏం జరుగుతోంది?

తెనాలి_పిల్ల

అందరికీ నమస్తే. నేను ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, మాది తెనాలి. మా నాన్నకి డిటిపి షాపు ఉంది, పెళ్ళి కార్డులు కరపత్రాలు గుడి రసీదు పుస్తకాలు ఇలాంటివి చేస్తారు, చిన్నప్పట్నించీ నా సాయంత్రాలన్నీ అక్కడే గడిచాయి. షాపులో ఒక పాత సిస్టమ్ మూలన పడుంటే మొన్న సెలవుల్లో విప్పి దుమ్ము దులిపి ర్యామ్ తీసి ఆ బంగారు రంగు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టా, ఆన్ అయింది!! విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ఉన్నాయి అందులో.

దాంట్లో మా తాతయ్య రాసిన పద్యాలు ఉన్నాయి, 40 పేజీలు, అప్పట్లో నాన్నతో టైప్ చేయించుకున్నారంట. తాతయ్య ఇప్పుడు లేరు, చేత్తో రాసిన కాగితాలు చెదపురుగులు తినేశాయి, ఇక మిగిలింది ఈ ఫైలే. వాట్సాప్‌లో మా అత్తవాళ్ళకి పంపుదామని కాపీ చేస్తే తెలుగు పోయి ఇంగ్లీష్ అక్షరాలు, డాలరు గుర్తులు, ఏవో కొమ్ములున్న అక్షరాలు వస్తున్నాయి. నాన్నని అడిగితే "ఫాంట్ లేదమ్మా అంతే" అన్నారు. సరే ఫాంటే లేదు, మరి ఫైల్లో ఉన్నదేంటి? తెలుగా ఇంగ్లీషా? తెలుగైతే ఫోన్‌లో తెలుగు ఫాంట్ ఉందిగా, ఎందుకు కనపడదు? మూడు రోజుల్నించి ఇదే ఆలోచన, నిద్ర పట్టట్లేదు.

ఇంకొకటి, ఇలాంటివి అడుగు నుంచి నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలెట్టాలి? ఇక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్‌లో అడిగితే ట్యాలీ, ఎంఎస్ ఆఫీస్ చెప్తాం అన్నారు. ఆ పాత సిస్టమ్‌కి నెట్ లేదు, నా దగ్గర ఫోన్ ఒకటే, రోజుకి 1.5 జీబీ.

బైట్ల_బాబాయ్

అమ్మా ముందు ఒక పని చెయ్, ఆ ఫైలుని ఇప్పుడే రెండు పెన్‌డ్రైవుల్లోకి కాపీ చేసి ఒకటి ఇంట్లో పెట్టు. ఆ హార్డ్ డిస్క్ ఎన్నేళ్ళదో ఏమో, ఏ రోజైనా పోవచ్చు. ఒరిజినల్ మీద చెయ్యి వెయ్యకు, కాపీల మీదే ప్రయోగాలు.

ఇప్పుడు నీ ప్రశ్న. ఫైల్లో తెలుగూ లేదు ఇంగ్లీషూ లేదు, అంకెలు ఉన్నాయి. ఒక బైట్ అంటే 8 బిట్లు, దాంట్లో 0 నుంచి 255 దాకా మొత్తం 256 అంకెల్లో ఏదో ఒకటి పడుతుంది. ఇంగ్లీష్ పెద్ద ఏ అక్షరానికి 65 అని ఎప్పుడో 1960ల్లోనే ఒప్పందం చేసుకున్నారు. పాత తెలుగు ఫాంట్లు చేసినవాళ్ళకి తెలుగు కోసం వేరే అంకెలు అందుబాటులో లేవు, అందుకని ఆ 256 గళ్ళలోనే ఇంగ్లీష్ బొమ్మలు తీసేసి తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. 65 వస్తే తలకట్టో కొమ్మో ఏదో ఒక ముక్క గీస్తుంది ఆ ఫాంట్. ఫైల్లో 65 ఉంది, ఫాంట్ ఉన్నచోట అది తెలుగు ముక్క, లేనిచోట ఇంగ్లీష్ ఏ. నీ ఫోన్ అబద్ధం చెప్పట్లేదు, ఆ అంకెకి లోకమంతా ఒప్పుకున్న అర్థం ఏదో అదే చూపిస్తోంది.

తర్వాత యూనికోడ్ వాడకంలోకి వచ్చింది, అంటే ప్రపంచ భాషల అక్షరాలకి తలా ఒక అంకె ఇచ్చే ఒప్పందం, అందులో తెలుగుకి సొంతంగా 3072 నుంచి 3199 దాకా 128 గళ్ళు కేటాయించారు. అ అంటే 3077, మ అంటే 3118, పొల్లు 3149. ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్ ఈ అంకెల కోసమే చూస్తుంది, మీ తాతగారి ఫైల్లో ఇవి లేవు కాబట్టి దానికి పనే లేదు.

ఫోన్‌లో పైడ్రాయిడ్ అని యాప్ ఉంది, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నడుస్తుంది, ఒకసారి దించుకున్నాక నెట్ అక్కర్లేదు. అందులో "అమ్మ" అనే మాట పొడవెంతో లెన్ ఫంక్షన్‌ని అడుగు. అడిగేముందు జవాబు ఎంత రావాలో కాగితం మీద రాసిపెట్టుకో. తర్వాత అదే మాటని యూటీఎఫ్-8 లోకి, అంటే యూనికోడ్ అంకెల్ని బైట్లుగా రాసే పద్ధతిలోకి, ఎన్‌కోడ్ చేసి ఎన్ని బైట్లో అడుగు. రెండిటికీ ఏం వచ్చిందో, ఎందుకొచ్చిందో ఇక్కడ రాయి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.

చాక్‌పీస్_మాష్టారు

పైన బాగా చెప్పారు, నేనొక లెక్క ఇస్తాను, పెన్నూ కాగితం చాలు. ఇంగ్లీష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగులో కొడితే 70 దాటగానే రెండో మెసేజ్ కింద లెక్కేస్తారు. ఒక మెసేజ్‌కి ఉన్న చోటు 140 బైట్లు, ఆ మెసేజ్‌లో ఇంగ్లీష్ అక్షరానికి 7 బిట్లు, తెలుగు అయితే ఒక్కో గుర్తుకి 16 బిట్లు. ఇప్పుడు 160, 70 ఎలా వచ్చాయో నువ్వే కట్టు. నేను పాలిటెక్నిక్‌లో చెప్తాను, ఈ లెక్క సొంతంగా కట్టిన పిల్లలకి ఆ తర్వాత బిట్ అంటే ఏంటో మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు నాకు.

గుంటూరు_నాన్న

తల్లీ నీ ఆసక్తి మెచ్చుకోదగ్గదే, కాదనను. కానీ ఇంటర్ రెండేళ్ళు చాలా ముఖ్యం, ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వస్తే సీఎస్ఈలో చేరితే ఇవన్నీ వాళ్ళే నేర్పిస్తారు. ఇప్పుడు బైట్లు బిట్లు అని కూర్చుంటే ఫిజిక్స్, మ్యాథ్స్ దెబ్బతింటాయి. మా అబ్బాయి విషయంలో చూశాను కాబట్టి చెప్తున్నా.

రాత్రిపూట_కోడర్

అంకుల్ గారూ మీ భయం అర్థమైంది, చదువు వదిలేయమని ఎవరూ అనట్లేదండి. కానీ కాలేజీలో నేర్పిస్తారులే అని ఆగితే ఏమవుతుందో నేను చూశాను, నాతో చదివినవాళ్ళలో చాలామంది నాలుగేళ్ళు ల్యాబ్ రికార్డులు పక్కవాళ్ళవి చూసి రాశారు ఎందుకంటే వాళ్ళకి అడగాలనిపించిన ప్రశ్న ఒక్కటీ లేదు. ఈ చెల్లికి మూడు రోజుల్నించి నిద్ర పట్టనంత ప్రశ్న ఉంది, అది ఏ సిలబస్సూ ఇవ్వలేదు. రోజుకి ఒక గంట పెట్టుకుంటే చాలండి.

చెల్లీ నేను మహబూబాబాద్ దగ్గర పల్లెలో ఉంటూ ఫోన్‌లోనే నేర్చుకున్నా, ల్యాప్‌టాప్ బీటెక్ రెండో ఏడు దాకా లేదు. నువ్వు అడిగిన దానికే ఇంకో కథ చెప్తా. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే మన తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూసుకుపోయేవి, 11.2.6 అప్‌డేట్‌తో అది సరిచేశారు. అది మామూలు జ్ఞా కాదు, జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు, ఆ తర్వాత దీర్ఘం, ఈ ఐదూ ఆ వరసలో వస్తేనే. కనపడని గుర్తు ఏంటి, అదెందుకు ఉంటుంది అని వెతుక్కుంటూ పోయి పోయి నేను ఒక ఫాంట్ ముక్కల్ని ఎలా కలిపి గీస్తుందో దాకా వెళ్ళా. నా కంప్యూటర్ చదువు మొదలైంది అక్కడే, కోర్సు తర్వాత చూశా.

కోర్సు కూడా కావాలంటే ఎన్‌పీటీఈఎల్ అనే సైటులో ఐఐటీ వాళ్ళ పాఠాలు ఉచితం, నాండ్ టు టెట్రిస్ అని ఇంకోటి ఉంది, నాండ్ గేటు అనే ఒక్క చిన్న సర్క్యూట్‌తో మొదలెట్టి నీ చేతే మొత్తం కంప్యూటర్ కట్టిస్తుంది, సిమ్యులేటర్ కూడా ఉచితమే. కానీ ముందు పద్యాలు బయటికి తియ్. వీడియోలు 360పీలో చూడు, 1.5 జీబీ సరిపోద్ది.

తెనాలి_పిల్ల

బాబాయ్ గారూ చేశాను!! కాగితం మీద 2 అని రాశా, ఎందుకంటే అ, మ్మ రెండే కదా అక్షరాలు. వచ్చింది 4. అరగంట అలా చూస్తూ కూర్చున్నా. తర్వాత ఒక్కొక్కటి విడదీస్తే 3077, 3118, 3149, 3118. అంటే మ్మ అనేది లోపల మ, పొల్లు, మ!! బళ్ళో మా తెలుగు టీచర్ "మ కింద మ వత్తు" అని చెప్పినట్టు దానికి వత్తు అని వేరే ఏమీ లేదు, మళ్ళీ అదే మ. బైట్లు 12 వచ్చాయి, నాలుగు మూళ్ళు పన్నెండు. అ ఒక్కదాన్ని చూస్తే 224, 176, 133.

మాష్టారూ 140 ని 8తో హెచ్చేస్తే 1120 బిట్లు, దాన్ని 7తో భాగిస్తే 160, 16తో భాగిస్తే 70. సరిగ్గా వచ్చింది, శేషం కూడా లేదు.

అంకుల్ గారూ మీరు చెప్పింది నాన్నకి చూపించా, రాత్రి 8 నుంచి 9 ఇదీ, తర్వాత చదువు అని ఒప్పందం అయింది.

ఇప్పుడు అనుమానం. పేజ్‌మేకర్ నుంచి ఉత్త టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్‌కి గుచ్చే ఓటీజీ పెన్‌డ్రైవ్‌తో ఫోన్‌లోకి తెచ్చా, పైథాన్‌లో బైట్లుగా తెరిస్తే అంకెలు కనిపిస్తున్నాయి. ఏ అంకె ఏ ముక్కో ఎలా తెలుస్తుంది?

పాత_ఆపరేటర్

నేను విజయవాడలో ఇరవై ఏళ్ళు డిటిపి చేశానమ్మా, ఇక్కడ నేను పనికొస్తా. 33 నుంచి 255 దాకా ప్రతి అంకెనీ ఒక ఫైల్లో రాయించు, దాన్ని పేజ్‌మేకర్‌లో ప్లేస్ చేసి ఆ ఫాంట్ పెట్టి ప్రింటు తియ్యి. పట్టిక వస్తుంది. మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకో, ఆయన వేళ్ళకి తెలుసు ఏ ముక్క ఏదో.

రెండు జాగ్రత్తలు. ఒకటి, నేను కొట్టిన ఫాంట్‌లో మ అనేది ఒకే ముక్క కాదు, వ కొట్టి పక్కన తోక కొట్టేవాళ్ళం. నువ్వు ముందే వ ని మార్చేస్తే ఆ తోక అనాథగా మిగిలిపోద్ది, అందుకని రెండు మూడు ముక్కల అక్షరాలు ముందు మార్చి ఒంటి ముక్కలు చివర్లో మార్చు. రెండోది క్రారవడి, అంటే ర వత్తు, అది అక్షరానికి ఎడమ పక్కనుంచి వస్తుంది కాబట్టి మేం దాన్ని ముందు కొట్టి తర్వాత అక్షరం కొట్టేవాళ్ళం. నువ్వు చెప్పినదాన్నిబట్టి యూనికోడ్‌లో క, పొల్లు, ర అని వరస, అంటే తిరగెయ్యాలి.

తెనాలి_పిల్ల

వారం పట్టింది. మొదటిసారి పేజీ మొత్తానికి ఆ ఫాంట్ పెట్టేశా, పక్కన వేసిన నంబర్లు కూడా తెలుగు ముక్కలైపోయాయి, మళ్ళీ అక్షరాలకి మాత్రమే పెట్టి తీశా. నాన్న షాపు మూశాక కూర్చుని "ఇది ఏత్వం, ఇది య కొమ్ము, ఇది నేనెప్పుడూ కొట్టలేదు" అంటూ 223 గళ్ళలో 209 నింపారు, ఇన్నేళ్ళు కొట్టాను గానీ దీని వెనక అంకె ఉందనుకోలేదు అన్నారు.

మొదటి పద్యం బయటికొచ్చింది, వాట్సాప్‌లో తెలుగులోనే వచ్చింది!! క్రారవడి తిరగేయడం ఆపరేటర్ గారు చెప్పినట్టే చేశా. నానమ్మకి చదివి వినిపిస్తే రెండో పాదంలో ఆపేసి "వేలు కాదే, మేలు. మీ తాత మేలు అనే రాశాడు" అంది. వెళ్ళి చూస్తే మ తోకలు రెండు రకాలు, పైన ఏత్వం ఉన్నప్పుడు వాడే చిన్న తోక మేం నింపని గళ్ళలో ఉంది, నేను తెలియని ముక్కల్ని ఊరికే వదిలేయమని రాశా కాబట్టి అది మాయమై వేలు అయిపోయింది. "వేలు" కూడా మాటే కదా, నాకు అనుమానం కూడా రాలేదు. ఇప్పుడు తెలియని ముక్క వస్తే దాని నంబరు అచ్చయ్యేలా మార్చా. 13 గళ్ళు మిగిలాయి, నానమ్మకి పద్యాలన్నీ నోటికొచ్చు, రోజుకి రెండు పేజీలు వింటానంది.