క్యాంపర్ వ్యాన్‌లో ఇంజిన్ ఆపితే ఫ్రిజ్ ఆగిపోతోంది

బెంగళూరు నుంచి జూన్‌లో జైసల్మేర్, అక్కడి నుంచి మనాలి, సర్చు మీదుగా లేహ్ వెళ్లాలి. ఎడారిలో 40 డిగ్రీలు దాటిన ఎండ, సర్చులో వణికించే రాత్రులు. నాన్నగారి ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అది గడ్డకట్టినా పనికిరాదు. అందుకే ఈ టెన్షన్.

వ్యాన్‌లో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. బండి నడుస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఇంజిన్ ఆపిన గంటా రెండు గంటలకు లో వోల్టేజ్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. అప్పుడు బ్యాటరీ దగ్గర మీటరు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఫ్రిజ్ సాకెట్ దగ్గర మాత్రం కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో 9.4కి పడిపోతోంది.

ఫ్రిజ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్‌ను (వోల్టేజ్ తగ్గితే ఫ్రిజ్‌ను ఆపేసే సెట్టింగ్) ‘హై’ నుంచి ‘లో’కు మార్చాను. ఫ్యూజు, సాకెట్ ఎస్పీ రోడ్డులో కొత్తవి తెచ్చి వేశాను. మెకానిక్ బ్యాటరీదే లోపమన్నాడు (ఏమడిగినా అదే అంటాడు). వేరే బ్యాటరీ పెట్టినా అంతే. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కు 6 మీటర్లు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. నెగటివ్ మాత్రం వ్యాన్ బాడీకి బిగించి ఉంది.

లోపలి ప్యానెళ్లన్నీ విప్పితే గానీ వైరు మార్చడం కుదరదు. ఇలాంటి వ్యాన్ ఉన్నవాళ్లు చెప్పండి: నెగటివ్‌ను నేరుగా బ్యాటరీకి కలిపితే సరిపోతుందా, మొత్తం వైరు మార్చాల్సిందేనా?