చర్చ: డిగ్రీ ఉన్నవారికే ఉన్న ఓటు ఇంకా ఎన్నాళ్లు?

ఆదోని పత్తియార్డు (చర్చ ప్రారంభించినవారు)

ఉమ్మడి కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల పట్టభద్రులందరూ కలిసి రాష్ట్రంలో రెండో సభ అయిన శాసన మండలికి ఒక సభ్యుణ్ణి ఎన్నుకుంటారు. 2023 మార్చిలో జరిగిన ఆ ఎన్నికలో నేనూ ఓటు వేశాను. పదవీకాలం ఆరేళ్లు కనుక తిరిగి ఎన్నిక రావలసింది 2029లో. ఆలోపు మన జిల్లాలవాళ్లం తీరిగ్గా కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుందని నా అభిప్రాయం. చదువుకున్నాడన్న కారణంతో ఒక మనిషికి మరొకరికి లేని ఓటు ఇవ్వడం ఇప్పటికీ సమంజసమేనా?

నేను పత్తి మండీలో లెక్కలు రాస్తాను. సరుకు తెచ్చే రైతుకూ నాకూ శాసనసభ ఎన్నికల్లో చెరొక ఓటు ఉంది. మండలి దగ్గరికి వచ్చేసరికి, బి.కాం. చదివినందుకు నాకు ఓటు ఉంది, ఆయనకు లేదు. మార్కెట్ కమిటీ చట్టం మారినా, కౌలు చట్టం మారినా ముందు దెబ్బ తగిలేది ఆయనకే. ఆ బిల్లుపై మాట్లాడే సభ్యుణ్ణి ఎన్నుకునేది మాత్రం నేను. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్నూలు జిల్లాలో అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఆగింది. ఇటువంటి జిల్లాలో డిగ్రీని ఓటుకు అర్హతగా పెట్టడమంటే ఎవరిని గడప బయట నిలబెడుతున్నామో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. 1919 నాటి భారత ప్రభుత్వ చట్టం కింద ఏర్పడిన మద్రాసు శాసన మండలిలోనే విశ్వవిద్యాలయానికి ఒక స్థానం ఉండేది. రాజ్యాంగం 171వ అధికరణం ద్వారా మండలిలో పన్నెండో వంతు పట్టభద్రులకు, పన్నెండో వంతు ఉపాధ్యాయులకు కేటాయించింది. మన రాష్ట్రంలోని 58 స్థానాలలో అవి ఐదూ ఐదూ. బ్రిటన్ తన విశ్వవిద్యాలయ నియోజకవర్గాలను 1948 చట్టంతోనే రద్దు చేసుకుంది. ఇంకొక విడ్డూరం కూడా ఉంది. పట్టభద్రుల స్థానానికి పోటీ చేసేవారు పట్టభద్రులు కానక్కరలేదని సుప్రీంకోర్టు 1972లో తీర్పు చెప్పింది. అంటే చట్టం చేయడానికి అక్కరలేని డిగ్రీ, చట్టం చేసేవారిని ఎన్నుకోవడానికి మాత్రం కావలసి వస్తోంది.

నేను మండలిని ఎత్తివేయమని అనడం లేదు. ఈ ఐదు స్థానాలకు కాలం చెల్లిందంటున్నాను. మీ అభిప్రాయాలు చెప్పండి.

గుత్తి కోట

ఆదోని మిత్రులు లేవనెత్తిన ప్రశ్న మంచిదే కానీ, సగం లెక్కే చూపించారు. ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పినవాణ్ణి కనుక నాకు ఈ స్థానం మీద మమకారం ఉందని ముందే ఒప్పుకుంటాను.

రెండో సభను మొదటి సభలాగే ఎన్నుకుంటే రెండో సభ ఎందుకు? వేరొక దారిన, వేరొక సమయంలో ఎన్నికైనవారు ఉంటేనే దానికి అర్థం ఉంటుంది. ఎమ్మెల్యేకు తన నియోజకవర్గపు రోడ్లూ పింఛన్లూ చూసుకోవడానికే ఐదేళ్లు చాలవు. ఉద్యోగ ప్రకటనలు, విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు, ఫీజు బకాయిల వంటి విషయాలు ఏ ఒక్క నియోజకవర్గానికీ చెందవు. వాటిని పట్టించుకోవలసిన బాధ్యత నేరుగా ఉన్నది పట్టభద్రుల సభ్యుడికే. పైగా 2023లో మూడు పట్టభద్రుల స్థానాలలోనూ అధికార పక్షం ఓడిపోయింది, ఏడాది తిరిగేసరికి ప్రభుత్వమే మారింది. పాలకులకు ఊరి గాలి ఎటు వీస్తోందో ముందుగా తెలిపే ఎన్నిక ఇది. అధికారంలో ఎవరున్నా అటువంటిది ఒకటి ఉండడం మంచిదని నేను నమ్ముతాను.

1985 జూన్‌లో మండలి రద్దయింది, 2007లో తిరిగి వచ్చింది. ఆ మధ్య దాదాపు ఇరవై రెండేళ్లు పట్టభద్రుడికి ఏ ప్రత్యేక ఓటూ లేదు. అందువల్ల మీ పత్తి రైతు గొంతుకు బలం పెరిగిందా? ఒకరి చేతిలోనిది లాగేస్తే ఇంకొకరి చేతికి వస్తుందన్న హామీ ఎక్కడుంది?

కర్నూలు పాతబస్తీ

రాజధాని గానీ హైకోర్టు గానీ రాయలసీమకు దక్కుతుందన్న 1937 శ్రీబాగ్ ఒడంబడికను నమ్ముకుని, 1953 నుంచి మూడేళ్లు రాజధానిగా ఉండి, తర్వాత అదీ పోగొట్టుకున్న ఊరు మాది. 2020 జనవరిలో కర్నూలుకు హైకోర్టు తెచ్చే బిల్లును శాసనసభ ఆమోదిస్తే, మండలి దానిని సెలెక్ట్ కమిటీ (బిల్లును పరిశీలించే సభ్యుల సంఘం) పేరుతో పక్కన పెట్టింది. ఆ సభలో ఎవరు ఎలా ఎన్నికయ్యారన్న చర్చ మాకెందుకు? అసలు ఆ సభే వద్దు.

గుత్తి కోట

పాతబస్తీ వారి బాధ అర్థమైంది. అయితే తేదీలు ఒకసారి చూడండి. సాధారణ బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకొక నెల ఆపగలదు, అంతే. ద్రవ్య బిల్లయితే 14 రోజులే. ఆ బిల్లు 2020 జూలై 31న గవర్నర్ ఆమోదం పొంది చట్టమయింది. 2021 నవంబరులో దానిని రద్దు చేసుకున్నది ప్రభుత్వమే. కర్నూలుకు హైకోర్టు రాకపోవడానికి మండలి కారణం కాదు.

ఆదోని పత్తియార్డు

మండలి అధికారం నాలుగు నెలలేనని గుత్తి వారే చెప్పారు కనుక ఇంకొక మాట కూడా చేర్చుకోవాలి. బిల్లు ఆగిన ఐదు రోజులకే, 2020 జనవరి 27న, మండలిని రద్దు చేయాలని శాసనసభ 133 ఓట్లతో తీర్మానించింది, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. మండలిలో బలాబలాలు మారిన తర్వాత, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మన పార్టీలకు మండలి మీద వచ్చే ప్రేమా కోపమూ సంఖ్యను బట్టి ఉంటాయి. అందుకే ఆ సభకు ఎవరు పంపుతారన్న ప్రశ్నను పార్టీలకు వదిలేయకూడదు.

మైదుకూరు రోడ్డు, ప్రొద్దుటూరు

పెద్దలు సిద్ధాంతం మాట్లాడుతున్నారు. నేను గత ఎన్నికలో మా వీధిలో ఓటర్ల నమోదుకు తిరిగినవాణ్ణి కనుక కింద జరిగేది చెబుతాను.

శాసనసభ ఓటరు జాబితాలో ఒకసారి పేరు చేరితే, ఇల్లు మారేదాకా మనం సాధారణంగా పట్టించుకోనక్కరలేదు. పట్టభద్రుల జాబితా అలా కాదు. ప్రతి ఎన్నికకూ పాతదాన్ని పక్కనపడేసి మొదటినుంచి కొత్తగా తయారు చేస్తారు. కిందటిసారి ఓటు వేసినా సరే, నమోదు దరఖాస్తు అయిన ఫారం-18 మళ్లీ నింపాలి, డిగ్రీ పట్టా నకలును ధ్రువీకరింపజేసి మళ్లీ జత చేయాలి. నవంబరు 1వ తేదీ నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు గడిచి ఉండాలి. గడువు కొద్ది రోజులే, అందులో పండుగ సెలవులు కూడా కలుస్తాయి.

మా వీధిలో ఒక కోడలు ఉన్నారు. పుట్టింటి ఇంటిపేరుతో పట్టా, అత్తింటి ఇంటిపేరుతో ఆధార్. ధ్రువీకరించవలసిన అధికారి రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారు. ఆమె పెళ్లి శుభలేఖ తీసుకెళ్లారు. అది చెల్లదన్నారు. మూడోసారి వెళ్లే ఓపిక లేక, సంటిబిడ్డను చంకలో వేసుకుని ఇంటికి వచ్చేశారు. ఆమె ఎం.ఎస్సీ. చదివారు. ఆ పక్కింటి ఆటో నడిపే కుర్రవాడి పట్టా, ఫీజు బకాయి కింద కళాశాలలోనే ఉండిపోయింది. గుత్తి వారు చెప్పిన ఫీజు బకాయిల గురించి అడగవలసిన సభ్యుణ్ణి ఎన్నుకునే ఓటు, ఆ బకాయి వల్లే అతనికి రాలేదు. ఇక నమోదైనవారిలో ఎక్కువమంది ఎవరంటారా? ఏదో ఒక పార్టీ మనిషో, సంఘం మనిషో ఇంటికి వచ్చి ఫారం నింపించుకుని పోయినవారే. జాబితా తయారయ్యే రోజునే ఎన్నిక సగం అయిపోతుంది.

పోలింగు రోజున ఇంకొక తంతు. దుప్పటంత బ్యాలెట్ కాగితం ఇచ్చి, వాళ్లిచ్చిన వంగపండు రంగు స్కెచ్ పెన్నుతోనే ప్రాధాన్య క్రమంలో అంకెలు వేయమంటారు. టిక్కు పెట్టినా, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, కింద సంతకం చేసినా చెల్లదు. తెలుగు అంకె ౧ వేస్తే మాత్రం చెల్లుతుంది, ఎవరూ వేయరనుకోండి. పట్టభద్రులు సైతం సంతకాలు పెట్టి ఓటు పాడుచేసుకోవడం ప్రతిసారీ చూస్తూనే ఉన్నాం. డిగ్రీ ఉన్నవాడు ఓటు మరింత తెలివిగా వేస్తాడన్న నమ్మకం ఆ చెల్లని ఓట్ల కట్ట ముందు నిలవదు.

కోసిగి బడి

నేను ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయినిని. డిగ్రీ ఉంది కనుక పట్టభద్రుల ఓటు నాకు ఉంది. ఉపాధ్యాయుల ఓటు లేదు. సెకండరీ స్థాయికి తక్కువ కాని బడుల్లో పనిచేసేవారికే ఆ ఓటు అని రాజ్యాంగంలోనే రాశారు. పదో తరగతికి గణితం చెప్పేవారు ఉపాధ్యాయులు, ఒకటో తరగతికి పలక మీద అ, ఆ దిద్దించేవారు కారు. ఈ వరసను గుత్తి సార్ ఎలా సమర్థిస్తారో వినాలని ఉంది.

మా దిక్కున వాన ముఖం చాటేసిన ఏడాది సగం ఊరు సుగ్గికి పోతుంది. గుంటూరు వైపు మిరప కోతలకు మూటాముల్లె, ముసలీముతకా, పిల్లాజెల్లా అందరూ ఒకే లారీలో వెళ్తారు. సంక్రాంతి దాటాక నా హాజరు పట్టీలో వరసగా పదేసి పేర్లకు గైర్హాజరే. నాలుగో తరగతి పిల్ల ఒకతె వెళ్లేముందు తన పలకను నా బీరువాలో పెట్టి తాళం వేయమని అడిగింది. వచ్చేసరికి ఎండాకాలం సెలవులు. ఆ పిల్ల డిగ్రీ దాకా చేరుతుందా, చేరితే ఫారం-18 నింపుతుందా అన్నది తర్వాతి మాట. వాళ్ల అమ్మానాన్నల తరఫున, వలస గురించి, కూలి గురించి మాట్లాడడానికి ఎన్నికైన స్థానం మండలిలో ఒక్కటైనా ఉందా? పన్నెండో వంతు మాకు, పన్నెండో వంతు మా పై మెట్టు ఉపాధ్యాయులకు. చదువుకున్నవాళ్లకు రెండు తలుపులు, చదువు అందనివాళ్లకు గోడ.

రాయదుర్గం – బళ్లారి బస్సు

కోసిగి మేడమ్ అడిగిన దానికి సమాధానం సరిహద్దు అవతలే ఉంది. కర్ణాటకలోనూ మండలి ఉంది, అక్కడా స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకునే కోటా మన దగ్గరలాగే మూడో వంతే. తేడా ఏమిటంటే, బళ్లారి వైపు గ్రామ పంచాయతీ సభ్యులు కూడా ఆ ఎన్నికలో ఓటర్లు. మన వైపు ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, కౌన్సిలర్లు, కార్పొరేటర్లే ఓటర్లు. ఊరంతా ఓటు వేసి గెలిపించిన సర్పంచికి ఆ హోదాలో ఓటు లేదు. మా పిన్నమ్మ బళ్లారి తాలూకాలో పంచాయతీ సభ్యురాలు. ఆమె అయిదో తరగతితో చదువు ఆపేశారు, కానీ మండలి ఎన్నిక వచ్చినప్పుడు అభ్యర్థులు ఆమె గడప తొక్కుతారు. ఇక్కడ నాకు తెలిసిన ఏ సర్పంచి ఇంటికీ వారు రావడం నేను చూడలేదు.

అయితే ఒక హెచ్చరిక. ఓటర్లు కొద్దిమంది ఉన్నచోట క్యాంపులు మొదలవుతాయి. ఎంపీటీసీలను బస్సెక్కించి, ఫోన్లు తీసుకుని, ఏ రిసార్టులోనో దాచిపెట్టడం మనం ఎరిగినదే. మండలి అభ్యర్థుల ఖర్చుకు శాసనసభ అభ్యర్థులకు ఉన్నట్టు చట్టపరమైన పరిమితి కూడా లేదు. వార్డు సభ్యులను చేర్చితే కొనడం కష్టమవుతుందో, ఖర్చు మాత్రమే పెరుగుతుందో నేను చెప్పలేను. నా మటుకు నేను చేర్చడం వైపే ఉన్నాను.

ఆదోని పత్తియార్డు

ఇంతవరకూ ఎవరూ ప్రస్తావించని ఒక సౌలభ్యం ఉంది. 171వ అధికరణంలోనే, పార్లమెంటు చట్టం ద్వారా వేరుగా నిర్ణయించే వరకు మాత్రమే ఈ కూర్పు ఉంటుందని రాశారు. అంటే పట్టభద్రుల స్థానాలను మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు, మామూలు చట్టం చాలు. రాజ్యాంగం రాసినవారే ఇది శాశ్వతం కాదని తలుపు తెరిచి ఉంచారు. డెబ్బై ఏళ్లు దాటినా ఎవరూ ఆ తలుపు తోయలేదు. స్థానిక సంస్థల ఓటర్లలో పంచాయతీలను చేర్చడం కూడా ప్రజాప్రాతినిధ్య చట్టంలోని షెడ్యూలు మార్పుతో అయ్యే పనే.

మన మూడు జిల్లాల సభ్యునికీ ఎంపీలకూ ఒక వినతిపత్రం ఇద్దామని నా ప్రతిపాదన. మొదటి కోరిక: పట్టభద్రుల స్థానాలను గ్రామ పంచాయతీ సభ్యులకు బదలాయించాలి. రెండోది: అది జరిగేలోపు, 2029 జాబితాకు పాత ఓటర్లను మళ్లీ దరఖాస్తు అడగకుండా కొనసాగించాలి, కొత్తవారి పట్టాలను విశ్వవిద్యాలయాల రికార్డులతో ప్రభుత్వమే సరిచూసుకోవాలి.

గుత్తి కోట

రెండో కోరిక కింద మొదటి సంతకం నాదే. మొదటి కోరిక మీద చేయను. నిరుద్యోగి గొంతు తీసేసి వార్డు సభ్యుడికి ఇవ్వడం నాకు సమ్మతం కాదు, రెండూ ఉండేలా స్థానాలు సర్దవచ్చు. కోసిగి ఉపాధ్యాయిని అడిగిన దానికి మాత్రం నా దగ్గర సమర్థన లేదు. ప్రాథమిక ఉపాధ్యాయులను చేర్చాలని మూడో కోరికగా రాయండి.

కోసిగి బడి

మూడో కోరిక వద్దు సార్. నాకు ఇప్పటికే ఒక ఓటు ఉంది. దాని బదులు రెండో కోరికలో నమోదు గడువును వేసవికి మార్చమని చేర్చండి, సుగ్గికి పోయిన ఇళ్లలో డిగ్రీ చదివిన పిల్లలు కొద్దిమందైనా ఉన్నారు, నవంబరు నాటికి వారిలో చాలామంది ఊళ్లో ఉండరు. అది చేర్చితే నేను ఇక్కడి బడుల్లో సంతకాలు సేకరిస్తాను.