‘రాకాసిలోయ’ తర్వాత తెలుగులో ఏ ఫాంటసీ నవల చదవాలి?

ఈమధ్య దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ వరుసగా చదివాను. మొదటిది 1954 నాటి చందమామ సీరియల్. అయినా ప్రతి భాగాన్నీ ఆపే చోటు చూస్తే పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. పెద్దలు కూడా తప్పక చదవాలి.

అలాంటి ఈ కాలపు రచన కోసం విశాఖలో వెతికాను. ద్వారకానగర్ దుకాణాల్లో ఫాంటసీ అంటే క్షుద్రపూజల నవలలు చేతిలో పెట్టారు (చేతబడీ మాయాజాలమూ ఒకటే కాబోలు!). గ్రంథాలయంలో పిల్లల బీరువా చూపించారు. ఆన్‌లైన్‌లో ఎక్కువగా పురాణ కథలే తగిలాయి.

2000 తర్వాత నేరుగా తెలుగులో రాసినదై ఉండాలి. కల్పిత లోకం, దానికి సొంత నియమాలు కావాలి. అనువాదం వద్దు, అచ్చు ప్రతి దొరకాలి. ఇటీవల మీరు చదివి మెచ్చిన అలాంటి నవల ఏది?