అప్‌డేట్: క్రూజ్‌లో టిప్పుల సంగతి చివరికి ఏం చేశామంటే

ఓడవాళ్లు రోజుకింత అని బిల్లులో తామే కలిపే టిప్పుని, అంటే గ్రాట్యుటీని, తీసేయించి, ఆ డబ్బేదో బాగా చూసుకున్నవాళ్ల చేతికే ఇస్తే మేలు కదా అని వెళ్లేముందు ఇక్కడ అడిగాను. ఏడు రాత్రుల ప్రయాణం ముగిసింది. తీసేయించలేదు.

రెండో రోజు గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో కనుక్కున్నాను. తీసేయడం రెండు నిమిషాల పనేనట. కానీ ఆ మొత్తం గది శుభ్రం చేసే స్టూవర్డ్‌కి, వెయిటర్లకే కాక లాండ్రీలో, వంటగదిలో పనిచేసేవాళ్లకీ పంచుతారని చెప్పారు. మనం వాళ్ల మొహం కూడా చూడం. పైగా గ్రాట్యుటీ తీసేయించిన గది నుంచి నగదు వస్తే, దాన్ని సిబ్బంది ఉమ్మడి నిధిలోనే జమ చేయాలట. అంటే నేను అనుకున్న పద్ధతిలో స్టూవర్డ్‌కి ఒరిగేదేమీ లేదు!

బార్‌లో మాత్రం జాగ్రత్త. బిల్లులో 18 శాతం ముందే కలిపేసి, కింద టిప్ కోసం మళ్లీ ఖాళీ గీత ఉంచుతారు. మొదటి రాత్రి చూసుకోకుండా రెండుసార్లు ఇచ్చాను.

మా స్టూవర్డ్ నెలల తరబడి ఓడలోనే ఉంటున్నాడు, వారానికి ఏడు రోజులూ పని. మా పిల్లాడికి జ్వరం వచ్చిన రాత్రి అడగకుండానే రెండుసార్లు దుప్పట్లు మార్చాడు. ఆఖరి సాయంత్రం కవరులో 40 డాలర్లు పెట్టి అతని చేతికే ఇచ్చాం. సర్వే ఫారంలో అతని పేరు కూడా రాశాను. ఆ రాసిన మాట పైఅధికారుల దాకా వెళ్తుందని, అదీ తనకు ముఖ్యమేనని అతనే చెప్పాడు.